పద్దెనిమిది గంటల కుర్చీ

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నేను పాతికేళ్లకు పైగా కూర్చునే తిన్నాను. కొండల సంగతి తెలియదుగాని, నా నడుం మాత్రం కొంత కరిగింది. విమానాల్లో ప్రయాణికుల సీట్లు మనిషి ఎంతసేపు భరించగలిగేలా ఉన్నాయో పరీక్షించడం నా ఉద్యోగం. సింగపూర్‌లో, పాయా లేబర్ దగ్గర ఒక వర్క్‌షాప్‌లో ఆ పని చేసి ఈమధ్యే రిటైరయ్యాను. నేనేం చేస్తానని ఎవరడిగినా కాకినాడలో మా పిన్ని, "కుర్చీలో కూర్చుంటుందంట, దానికి జీతమిస్తారంట" అని చెప్పి చప్పున మాట మార్చేసేది. నన్ను ఉద్యోగం లేనిదాని కింద లెక్కేసుకుందని నా అనుమానం.

మా బ్లాకులో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి ఒకతె ఇప్పుడు ఇదే పనిలో చేరింది. ఏం చూసుకోవాలో సింపుల్‌గా చెప్పమంది. సింపుల్‌గా చెప్పడం నాకు చేతకాదు, అందుకని రాస్తున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఎవరి కాళ్లు లాగారు అన్నవి ఇందులో ఉండవు. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

పెళ్లిచూపుల సీటు

నన్ను పనిలోకి తీసుకున్నది లిమ్ గారు. సింగపూర్ చైనీయుడు, సన్నగా చువ్వలా ఉండేవారు, ఒళ్లో కండ లేని మనిషి కాబట్టి చెడ్డ సీటు ఆయనకు అందరికంటే ముందు తెలిసిపోయేది. మొదటిరోజు నన్ను రెండు సీట్లలో మార్చి మార్చి కూర్చోబెట్టి ఏది బాగుందని అడిగారు. ఒకటి దూదిలా దిగిపోతోంది, రెండోది కాస్త బిర్రుగా ఉంది. మెత్తటిదే బాగుందన్నాను. అయితే భోజనం దాకా అందులోనే కూర్చోమని చెప్పి వెళ్లిపోయారు. భోజనం వేళకు నాకు ఎడమ తొడ తిమ్మిరెక్కి, నడుం పట్టేసి, మెత్తదనం మీదే కోపం వచ్చింది.

మొదటి గంటలో ప్రతి సీటూ పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకే. మనిషి బరువంతా పిరుదుల కింద రెండు ఎముకల మీద పడుతుంది. మెత్తటి స్పాంజి ముందు ఆ ఎముకలను ముద్దుచేస్తుంది, కొన్ని గంటలకు నలిగి అడుగంటిపోతుంది. ఆ తర్వాత మీరు కూర్చున్నది స్పాంజి మీద కాదు, దాని కిందున్న రేకు మీద. దుకాణంలో కుర్చీని అటూ ఇటూ ఊగి చూసి కొనేవాళ్లను చూస్తే నాకిప్పటికీ జాలి.

ఆకాశంలో శరీరం చేసే చిత్రాలు ఇంకా ఉన్నాయి. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుంటే పాదాలు ఉబ్బుతాయి. విప్పిన బూట్లు దిగేటప్పుడు మళ్లీ పట్టవు, ఎవరో చిన్న సైజువి పెట్టి వెళ్లారేమోనని అనుమానం వస్తుంది. ముక్కు ఎండిపోతుంది. కూరలో ఉప్పు తగ్గినట్టు అనిపిస్తుంది, నిజానికి తగ్గింది నాలుక రుచి. ఇంట్లో చూస్తే నవ్వొచ్చే సినిమాకు విమానంలో కన్నీళ్లొస్తాయని ఎంతోమంది నాతో సిగ్గుపడుతూ ఒప్పుకున్నారు. ఇదెందుకో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అలసటా, పొడిగాలా, ఇంటి నుంచి దూరమవడమా? తెలియనివి ఇన్ని మిగిలాయి కాబట్టే ఆ ఉద్యోగం నాకు విసుగు పుట్టలేదు.

రెక్కల్లేని విమానం

సింగపూర్ నుంచి అమెరికా తూర్పు కొసకు ఎక్కడా ఆగకుండా వెళ్లే విమానాలున్నాయి. పద్దెనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. అంత దూరం వెళ్లేదానికి బరువు తగ్గితే ఇంధనం మిగులుతుంది. అందుకని ఒక సీట్ల తయారీదారు పాతదానికంటే వేలెడు మందం తక్కువున్న కొత్త స్పాంజి తెచ్చి, పద్దెనిమిది గంటలు నిలుస్తుందో లేదో తేల్చమన్నాడు.

మా దగ్గర రెక్కలూ చక్రాలూ లేని ఒక విమానం ముక్క ఉండేది. కొన్ని వరసల సీట్లు, కిటికీల బొమ్మలు, ఇంజిన్ల రొదకు స్పీకర్లు, గాలిని పొడిబార్చే యంత్రం. ఆదివారం పొద్దున్నే మనుషుల్ని ఎక్కించి తలుపులేసి, మధ్యలో దీపాలార్పి, విమానంలోలాగే భోజనాలు పెట్టి, రోజంతా కూర్చోబెడతాం. బాత్రూంకు తప్ప లేవకూడదు. మధ్యమధ్యలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, సీటు ఎలా ఉందో పదికి ఎన్ని మార్కులిస్తారో అడుగుతాం. ప్రతి సీటులోనూ పల్చటి పరుపొకటి ఉంటుంది. ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతోందో అది తెర మీద రంగుల్లో చూపిస్తుంది, ఎరుపైతే నొప్పి, పచ్చైతే హాయి.

ఆసారి మనుషులు చాలక, పిలుచుకొచ్చే పని నా మీద పడింది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక్క మాట వేశాను. ఊళ్లో ఒక మూల బెడోక్ నుంచి ఆంటీలు, ఇంకో మూల వుడ్‌ల్యాండ్స్ నుంచి సాఫ్ట్‌వేర్ వాళ్లు, సెలవు దొరికిన షిప్‌యార్డ్ కుర్రాళ్లు దిగిపోయారు. సీట్ల నంబర్లు ముందే ఇచ్చినా, తిండి దుకాణాల హాకర్ సెంటర్లో బల్ల పట్టుకున్నట్టు కిటికీ సీట్ల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసేశారు, అంటే ముందే ఆపి పెట్టుకున్నారు. ఎగరని విమానంలో కిటికీ ఎందుకో నాకర్థం కాలేదు. ఒకావిడ పులిహోర డబ్బా తెచ్చింది. పరీక్షకు అడ్డమని తీసి పక్కన పెట్టించాను, సాయంత్రం అందరం అదే తిన్నాం.

మార్కులు చూస్తే కళ్లు తిరిగాయి. అందరూ తొమ్మిది, పది. మధ్యాహ్నం దాటినా అంతే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక వెల్డర్‌ను నిజం చెప్పమని అడిగాను.

"ఎండ నేదు, బరువు నేదు. ఏసీలో కూకోబెట్టి అన్నం ఎడతన్నారు మేడం. బాగోనేదంటే పాపం తగుల్తాది" అన్నాడు.

తెర మీద రంగులు కూడా చాలావరకు పచ్చగానే ఉన్నాయి. మనిషి నోరు అబద్ధమాడినా ఒళ్లు ఆడదని నమ్మిన లిమ్ గారు, నోరూ ఒళ్లూ ఒకే మాట మీద ఉండేసరికి స్పాంజి నెగ్గినట్టేనన్నారు. పైగా మీవాళ్లంత సుఖంగా ఉండే మనుషుల్ని నేనింతవరకు చూడలేదు లా, అని సింగపూర్ యాసలో నన్ను ఆటపట్టించారు.

పక్కవాళ్లకే, పాపం

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. టీలు ఇస్తూ వరసల మధ్య నడుస్తుంటే ఒక విషయం చెవిన పడింది. ఎవరిని కదిపినా తనకేం ఫర్వాలేదంటూనే పక్కవాళ్ల గురించి జాలిపడుతున్నారు. నాకు బాగానే ఉందండీ, పాపం ఈయనకే కాళ్లు పీకుతున్నట్టున్నాయి, అని ఒకరు. నాకేం, నేను ఎక్కడైనా కూర్చుంటాను, ఈవిడే అటూ ఇటూ కదులుతోంది, అని ఆ పక్కనున్నాయన. ఇద్దరూ తొమ్మిదేసి మార్కులిచ్చినవాళ్లే.

ఇదేం కొత్త సంగతా! మనింట్లో చుట్టానికి అన్నం వడ్డిస్తే మొదటిసారి చాలనే అంటాడు. పిలిచి కూర్చోబెట్టి, తిండి పెట్టినవాళ్ల మొహం మీద బాగోలేదని అనడం మనకు చేతకాదు. మర్యాదకు కడుపు మాడ్చుకునే జాతిని మార్కులడిగితే తొమ్మిది కాక ఏమిస్తుంది? అప్పటికప్పుడు ప్రశ్న మార్చాను. మీకెలా ఉందని అడగడం మానేసి, మీ పక్కవారికి ఎలా ఉందనుకుంటున్నారని అడగడం మొదలుపెట్టాను.

గోదారికి గండి పడ్డట్టే అయింది. ఎవరికి నడుం పట్టిందో, ఎవరు చెప్పులు విప్పి మడమలు నొక్కుకుంటున్నారో, ఎవరు బాత్రూం నెపంతో మూడుసార్లు లేచారో, అన్నీ పక్కవాళ్ల నోట వచ్చాయి. తొమ్మిదులు నాలుగులయ్యాయి. తెర పచ్చగా ఎందుకుందో కూడా తెలిసింది, నొప్పి పుట్టిన చోటి నుంచి అందరూ గుట్టుగా బరువు పక్కకు మార్చుకుంటున్నారు. మా వర్క్‌షాప్‌లో ఆ తర్వాత ఏ దేశం వాళ్లను కూర్చోబెట్టినా ఈ ప్రశ్న కూడా అడిగేవాళ్లం. మనవాళ్లంత కాకపోయినా అందరిలోనూ మొహమాటం ఉందని అప్పుడే తెలిసింది.

చివరి వరసలో సుభద్ర ఆంటీ ఉన్నారు. అరవై దాటిన మనిషి, బెడోక్‌లో ముప్పయ్యేళ్లుగా ఉంటున్నారు. అడిగినప్పుడల్లా పదికి పది ఇచ్చింది ఆవిడొక్కరే. ఆవిడ కింది పరుపు తెర మీద వరిచేనంత పచ్చగా కనిపిస్తోంది. ఆవిడ పక్కన వుడ్‌ల్యాండ్స్ నుంచి వచ్చిన శ్రీనివాస్ అనే వరంగల్ అబ్బాయి. అతన్ని పక్కకు పిలిచి అడిగాను.

"ఆంటీ అసలు కూసుంట లేరు మేడం. రెండు చేతుల మీదనే లేసి ఉంటున్నరు. నేను చూస్తె ఒళ్లు కింద పెడ్తున్నరు" అన్నాడు.

వెళ్లి దూరం నుంచి గమనించాను. నిజమే. మోచేతులు సీటు చేతుల మీద ఆనించి, ఒంటిని ఇంత పైకి ఎత్తి పట్టుకుని కూర్చుంది ఆవిడ. చేతులు వణుకుతున్నాయి, మొహం మీద చిరునవ్వు అలాగే ఉంది. పరుపు మీద బరువు పడితేగా ఎర్రబడటానికి! నోటితోపాటు యంత్రాన్ని కూడా మోసం చేసిందామె. నా ఉద్యోగంలో అంత ఆశ్చర్యపోయిన రోజు ఇంకోటి లేదు.

ఆవిడ ఎందుకొచ్చింది

వెనక టీ కాచే చోటుకు తీసుకెళ్లి నిలబెట్టి అడిగాను. మొదట ఏం లేదమ్మా అంది. దిగిపొమ్మంటానేమోనని ఆవిడ భయం. కొంతసేపటికి చెప్పింది.

కొన్నేళ్ల కిందట బాత్రూంలో జారిపడి, వెన్ను చివర ఎముక విరిగింది. అతుక్కుందిగాని, కూర్చుంటే పోటు. ఇంట్లో సగం పనులు నిలబడే చేసుకుంటుంది, సీరియల్ కూడా నిలబడే చూస్తుంది. ఆవిడ అక్క న్యూజెర్సీలో ఉంటోంది. తల్లి పోయాక ఈవిడకు జడలేసి, బడికి పంపి, పెళ్లి చేసింది ఆ అక్కే. ఇప్పుడా అక్కకు మతిమరుపు కమ్ముకొస్తోంది. ఫోనులో ఒక్కోసారి సుభద్రా అంటుంది, ఒక్కోసారి మీరెవరండీ అంటుంది. మీరెవరండీ అనే రోజులే ఎక్కువవుతున్నాయి.

భర్త మూర్తి అంకుల్ చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆయనకు గుండె జబ్బు, తోడు వెళ్లలేడు. ఒంటరిగా పంపితే, మధ్యలో ఊరుగాని ఊళ్లో దిగి విమానం మారేటప్పుడు పడిపోతే దిక్కెవరని ఆయన బెంగ. ఆగకుండా వెళ్లే విమానంలోనైతే సరే, కానీ అంతసేపు కూర్చోగలనని ముందు రుజువు చేయమన్నాడు. ఆ రుజువు కోసమే ఈవిడ నా రెక్కల్లేని విమానం ఎక్కింది. గుడిలో సేవకు వెళ్తున్నానని ఇంట్లో చెప్పి వచ్చిందట.

"అక్క నన్ను మర్చిపోయేలోపు వెళ్లాలమ్మాయ్. నేను పదిచ్చానని నువ్వు కాయితం మీద రాసిస్తే మీ అంకుల్‌కి చూపిస్తాను" అంది.

ఆవిడను ఆ రోజుకు సీటు నుంచి లేపేశాను. పోట్లాడి మరీ లేపాల్సొచ్చింది. వెళ్లేటప్పుడు నా మొహం కూడా చూడలేదు.

లిమ్ గారు పక్క సీట్లో

మర్నాడు లిమ్ గారికి అంతా చెప్పాను. ఆవిడకు పాత దెబ్బ ఉంది కాబట్టి ఆవిడ మార్కులు తీసేయమన్నారు. సరేనని తీసేశాను. అయినా పక్కవాళ్లు చెప్పినదాని ప్రకారం స్పాంజి సగం ప్రయాణం దాటకముందే చచ్చిపోయింది. ఆయన కాసేపు గొణిగి, తానే ఆ సీట్లో రోజంతా కూర్చుని చూసుకుని, చివరికి ఒప్పుకున్నారు. తయారీదారుకు అదే రాశాం. డబ్బిచ్చేవాడికి నీ సరుకు బాగోలేదని చెప్పడం కూర్చున్న కొమ్మ నరుక్కోవడమేనని ఆఫీసులో అన్నారు. కొమ్మ విరగలేదు, వాళ్లు స్పాంజి మార్చి మళ్లీ మా దగ్గరికే వచ్చారు. కొత్తగా చేరేవాళ్లకు నా గట్టి సలహా ఇదే: మీ పరీక్షలో అందరూ సంతోషంగా ఉన్నారంటే, తప్పు మీ ప్రశ్నలో ఉంది.

ఆ తర్వాత లిమ్ గారు నేను అడగకుండానే ఒక పని చేశారు. ఆ ఆంటీని ఒక శనివారం రమ్మను, మార్కులకు కాదు, నాకు తెలుసుకోవాలనుంది అన్నారు. నేను ఫోన్ చేస్తే ఆవిడ ముందు నమ్మలేదు. వెన్ను చివర ఎముక తగలకుండా వెనక భాగం కోసేసిన దిండు ఒకటి నేనే తయారు చేశాను, ఎన్నో రకాల స్పాంజి తెచ్చి కోసి చూశాను. శనివారం ఆవిడ అందులో కూర్చుంది. పక్క సీట్లో లిమ్ గారు. ఆయనకు తెలుగు రాదు, ఆవిడకు వచ్చిన ఇంగ్లిషు మార్కెట్ వరకే. ఇద్దరూ ఎండు రొయ్యల ధరల గురించి ఎలాగో మాట్లాడుకున్నారు.

చేతుల మీద ఒళ్లు ఎత్తి పట్టుకోనని ఆవిడ చేత ముందే మాట తీసుకున్నాను. దిండు కొంత పనిచేసింది. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత మాటలు తగ్గాయి. సాయంత్రమవుతుండగా నా వైపు తిరిగింది.

"నా వల్ల కాదమ్మా" అంది.

పాతికేళ్లలో నేను విన్న నిజాయితీ గల జవాబుల్లో దానికే మొదటి స్థానం ఇస్తాను. ఆవిడ లేచే ప్రయత్నం చేసి, పోటుకు కళ్లు మూసుకుని, మళ్లీ కూలబడింది. లిమ్ గారు ఒక చేయి, నేనొక చేయి పట్టుకుని లేపాం. లేచి నిలబడ్డాక మాత్రం నిమిషాల్లో మొహం తేటపడింది. టీ కావాలంది, రొయ్యల సంగతి మళ్లీ ఎత్తుకుంది.

అది చూసి లిమ్ గారు అన్న మాట నాకు తట్టకపోవడం నాకిప్పటికీ వింతే. ఈవిడకు సీటు అక్కర్లేదు, నిలబడటానికి చోటు కావాలి అన్నారాయన. నిజం కదా! ఎంతసేపు బిగబట్టి కూర్చుంటే లేచేటప్పుడు నొప్పి అంత ఎక్కువ. తరచూ లేచే మనిషికి లేవడం అంత కష్టం కాదు. కాని మా పరీక్షలో లేవకూడదన్నది నియమం, మూర్తి అంకుల్ పెట్టిన పరీక్షా అదే. కూర్చోవడం గురించి అంత ఆలోచించిన మేం, ప్రయాణమంటే కూర్చోవడమేనని అనేసుకున్నాం. ఆ పూట మిగతా సమయమంతా ఆవిడను కాసేపు కూర్చోబెట్టి, కాసేపు నిలబెట్టి గడిపాం. రాత్రి భోజనం వేళకు తలుపు తీస్తే నడుచుకుంటూ దిగింది.

ఆ మర్నాడు నేనే బెడోక్‌లో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. గుడి సేవ అసలు సంగతి ఆవిడే ఆయనకు చెప్పేసినట్టుంది, మూర్తి అంకుల్ ముభావంగా కాఫీ తెచ్చి ఇచ్చారు. ఆంటీ కూర్చోగలదా అని ఒక్కటే అడిగారు.

"కూర్చోలేరు అంకుల్. నిలబడగలరు" అన్నాను.

నడవ పక్క సీటు తీసుకోవాలని, ఎవరినీ లేపకుండా తానే లేవొచ్చని, చివర వంట సామాను ఉండే చోట కుదుపుల్లేనప్పుడు నిలబడనిస్తారని, సిబ్బందికి ముందే నడుం సంగతి చెప్పాలని, నీళ్లు మొహమాటపడకుండా అడగాలని, డాక్టరుకు ఒకసారి చూపించి కాళ్లకు బిగుతు మేజోళ్లు వేయించాలని, అన్నీ చెప్పాను. ఆయన లోపలికెళ్లి ఆవిడ పాస్‌పోర్ట్ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ సీట్ల నివేదికలో, వెనక వైపు మనుషులు నిలబడటానికి పట్టుకునే కమ్మీతో కాస్త చోటు వదలమని కూడా రాశాం. స్పాంజి మార్చారుగాని చోటు వదల్లేదు. చోటు ఉంటే అక్కడ ఇంకో సీటు వేస్తారు, అది వాళ్ల వ్యాపారం. మీరు మాత్రం రాస్తూనే ఉండండి.

ఆవిడ వెళ్లొచ్చాక

సుభద్ర ఆంటీ వెళ్లి, నెల పైన ఉండి వచ్చింది. బెడోక్ హాకర్ సెంటర్లో కలుసుకున్నాం. నేను కూర్చున్నాను, ఆవిడ బల్ల పక్కన నిలబడి టీ తాగింది. నా బుద్ధి పోనిచ్చుకోక ప్రయాణం గురించి గుచ్చి గుచ్చి అడిగాను. సగం దారి నిలబడే వెళ్లిందట. దిండు బాగా పనికొచ్చిందట, కాకపోతే ఎడమ వైపు ఇంకాస్త కోయాలట. సిబ్బందిలో ఒకమ్మాయి తన సంగతులన్నీ చెప్పుకుందట. పాదాలు వాచాయి, చెప్పులు చేత్తో పట్టుకుని దిగిందట. అన్నీ ఓపిగ్గా చెప్పింది. అసలు సంగతి అడగడానికి మాత్రం నాకు ధైర్యం చాల్లేదు. ఆవిడే ఎత్తింది.

"అక్క నన్ను పోల్చుకోలేదమ్మా" అంది.

వెళ్లిన రోజే కాదు, ఉన్నన్ని రోజులూ పోల్చుకోలేదట. నేను చెప్పబట్టే కదా ఈవిడ అంత నొప్పి పడి అంత దూరం వెళ్లింది అనిపించి, కళ్లెత్తి చూడలేకపోయాను. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"గుమ్మంలో నిలబడిపోయాను. నన్ను ఎగాదిగా చూసి, ఎవరమ్మా నువ్వు, చాలా దూరం నుంచి వచ్చినట్టున్నావు, కూర్చో అంది. జరిగి, మంచం మీద తన పక్కనే చోటిచ్చింది."

నొప్పి పుట్టలేదా ఆంటీ అని అడిగాను. అంతకంటే అడగడం నాకేం తెలుసు?

"పుట్టింది. సాయంత్రం దాకా లేవలేదు" అంది.